పిట్టకా, కడలి ఆవుకా

రోహిణి కార్తె, మొదటివారం

పొద్దున్నే ఈ కేంద్రాల్ని నడిపే మండలి నుంచి రేడియోలో కబురొచ్చింది. గుట్ట మీది ఐదు గాలిమరల్లో మూడు ఆగిపోయాయి కదా, వాటికి కావలసిన బేరింగులు ఇక ఎక్కడా దొరకవట. మిగిలిన రెండింటి కరెంటు ఒక్క గూటికే సరిపోతుంది. కాబట్టి ఆరుద్ర కార్తె దాటాక ఈ కడలిగట్టు కేంద్రంలో నా పిట్టలైనా ఉండాలి, కొర్లయ్య ఆవులైనా ఉండాలి. రెండూ ఉండడం కుదరదు. ఆ చెప్పినాయనకి జలుబు చేసినట్టుంది. మధ్యలో రెండుసార్లు తుమ్మి, "అర్థమైంది కదమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "అర్థం కాకపోనీకి ఇదేమన్నా పురాణమా?" అని రేడియో కట్టేశాను.

ఈ ఏడు దినచర్య రాయడం నా వంతు. చదివే మండలివాళ్లు ఇక్కడికి ఎప్పుడూ రాలేదు కాబట్టి అన్నీ ఒకసారి చెప్పేస్తాను. నా పేరు ఓబులమ్మ. గుట్ట మీద, లోపల గడ్డినేల పెంచిన మేడలో బట్టమేక పిట్టల్ని చూసుకుంటాను. రెండు పెట్టలు, ఒక ముసలి పుంజు. భూమి మీద ఈ జాతికి మిగిలింది ఈ మూడే. గుట్ట కింద ఉప్పుచెరువులో కొర్లయ్య కడలి ఆవులున్నాయి. తల్లి, దాని ఆడదూడ. దూరాన పడమటి తీరంలో ఇంకో కేంద్రంలో ఒక మగది ఉంది. ఆ చెరువు ఒక్కదానికే సరిపోతుంది, దూడ ఎదిగాక దాన్నే జతకి ఇక్కడికి తేవాలి. బయట ఎండకి నా పిట్టలు ఒక్క పూట కూడా ఆగలేవు కనుక మేడకి చలువ యంత్రాలు పెట్టారు. బయట సముద్రం స్నానానికి కాచిన నీళ్లలా ఉంటుంది కనుక చెరువుకి నీళ్లు చల్లబరిచే పంపులు పెట్టారు. నేను పెట్టెల్లో మిడతల్ని పెంచుతాను, ఆయన మళ్లలో సముద్రపు గడ్డి పెంచుతాడు. పన్నెండేళ్లుగా మా ఇద్దరి బతుకూ ఇంతే.

ఇలాంటి తగువులు తేల్చడానికి మండలిలో ఎదురు వాదం అని ఒక పద్ధతుంది. పిట్టల్ని చూసే మనిషి ఆవు తరఫున మాట్లాడాలి, ఆవుని చూసే మనిషి పిట్ట తరఫున మాట్లాడాలి. పూర్వం ఎవరి జంతువు కోసం వాళ్లే మాట్లాడేవారట. ఎవరు బాగా ఏడిస్తే వాళ్ల జంతువు బతికేదట. అందుకని ఈ కట్టు పెట్టారు. వాదన మధ్యలో సొంత జంతువు కోసం నోరు జారితే ఆ సొంత జంతువే ఓడిపోయినట్టు, మళ్లీ విచారణ ఉండదు. ఏ మహానుభావుడు ఆలోచించాడో గానీ, ఆయన జన్మలో ఏ జంతువునీ పెంచి ఉండడు.

కొర్లయ్యకి చెప్పడానికి కిందికి దిగాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి గడ్డి కోస్తున్నాడు.

"ఏటైనాదప్పా, ముకం అలాగుంది?" అన్నాడు.

వాళ్ల వైపు అక్కని అప్ప అంటారు. మా వైపు మగవాళ్లని అప్పా అని పిలుస్తాం. మేమిద్దరం ఒకరినొకరు అప్పా, అప్పా అనుకుంటుంటే సరుకు దింపడానికి వచ్చే పడవవాళ్లు నవ్వుకుంటారు.

విషయం చెప్పాను. కొడవలి గట్టు మీద పెట్టి కూర్చున్నాడు.

"అయితే మా యావు గురించి నువ్వు మాటాడాలేటి?"

"అవునప్పా."

"నీకు మా యావంటే సిరాకు కదా."

"నీ ఆవంటే కాదులేప్పా, నీ చెరువు కంపంటేనే."

నవ్వాడు. కొడవలి తీసుకుని మళ్లీ నీళ్లలోకి దిగాడు. నేను పైకొచ్చి మిడతల పెట్టెలు కడిగాను.


మృగశిర కార్తె, రెండో రోజు

చిన్న పెట్ట గుడ్డు పెట్టింది! గూడూ లేదు, పుల్లా లేదు, వట్టి నేల మీద, గడ్డి దుబ్బు పక్కన. లేత పచ్చగా, మీద గోధుమరంగు మచ్చలతో ఉంది. సంతోషంతో నాకు కాళ్లు నిలవలేదు. పోయినేటి గుడ్డూ, అంతకుముందు ఏటి గుడ్డూ మురిగిపోయాయి. పుంజు ముసలిదైపోయింది, అదీ అసలు బాధ. అయినా అది ఈసారి గొంతు కింద తిత్తి ఊపుకుని, తోక విప్పుకుని, పెట్ట ముందు ఎంత పోజు కొట్టిందో! సిగ్గులేని ముసలోడా అని తిట్టాను. తిడుతూనే దండం పెట్టుకున్నాను.

మృగశిర అని పేరుకే గానీ చినుకు జాడ లేదు. మా అవ్వ వాళ్లకి నందికొట్కూరు పక్క ఈ కార్తెలో నేల తడిసేదట, ఆ తడికి బట్టమేకలు పొలాల్లోకి వచ్చేవట. మేం కార్తెలు మాత్రం లెక్కపెట్టుకుంటున్నాం.

సాయంత్రం చెరువు దగ్గరికెళ్లాను. దాని తరఫున మాట్లాడాలంటే దాన్ని తెలుసుకోవాలి కదా. కొర్లయ్య గట్టు మీద చిన్న పీట వేశాడు. నీళ్లు కదిలాయి. బూడిదరంగు మూతి ఒకటి పైకొచ్చింది. పైనున్న రెండు ముక్కు రంధ్రాలు మూతల్లా తెరుచుకుని, గాలి పీల్చి, మళ్లీ మూసుకున్నాయి. దాని పక్కనే చిన్న మూతి.

"సూడప్పా," అన్నాడు. "నీటిలోనే పుడతాది, నీటిలోనే సస్తాది. గానీ నీటిలో ఊపిరాడదు. మనలాగే పైకొచ్చి గాలి పీల్సుకోవాల. దూడకి పాలు ఎక్కడిస్తాదో తెల్సా? సంక కింద. సంటిపిల్ల తల్లికి కరుసుకున్నట్టు కరుసుకుంతాది."

"దూడ ఎన్నేండ్లకొకసారి?"

"ఐదేల్లకో, ఆరేల్లకో. ఒక్కటే. పదమూడు నెలలు మోస్తాది."

నేను నవ్వాను. నా పిట్టకీ ఏడాదికి ఒకటే గుడ్డు. రెండూ తొందర లేని జాతులు. మనుషులం మాత్రం అన్నిటికీ పరుగే. ఆ మాటే అంటే ఆయన తలూపాడు.

"మా తాత వలలో ఒకటి పడిందట," అని నీళ్లకేసి చూస్తూ చెప్పాడు. "దాన్ని సంపాలని ఏసిన వల కాదు. సేపలకేసినాడు. తెల్లారి లాగేసరికి పోనాది. గాలికి పైకి రానీలేదు వల. దూడ పడవ సుట్టూ తిరగతానే ఉందట. మా తాత ఆ వల మరి ముట్టలేదు."

మా వైపు సంగతి చెప్పాను. బట్టమేకకి కళ్లు పక్కలకుంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. తల కిందికి వంచి నేల చూసుకుంటూ ఎగురుతుంది. కరెంటు తీగ వచ్చేదాకా దానికి తెలీదు. తీగలేసినవాళ్లు కూడా పిట్టల్ని చంపాలని వేయలేదు.

"ఒకదానికి వల, ఒకదానికి తీగ," అన్నాడు కొర్లయ్య. "రెండిటికీ పగోడు లేడప్పా. పగోడుంటే బాగుండు, కొట్టేవోలం."


మృగశిర కార్తె, చివర

కొర్లయ్య పైకొచ్చాడు, నా పిట్టల్ని చూడడానికి. మేడలోకి ఎవరొచ్చినా గోనె ముసుగు వేసుకోవాలి. మనిషి ముఖం చూసి పెరిగిన పిట్ట రేపు జతకట్టాల్సి వస్తే మనిషి కోసమే వెతుక్కుంటుంది. గోనెలో ఆయన దిష్టిబొమ్మలా ఉన్నాడు. నాకు నవ్వాగలేదు. అరవకుండా నోరు నొక్కుకున్నాను.

పెట్ట గుడ్డు మీద కూర్చుంది. ఎండిన గడ్డి రంగు, నేల రంగు, దాని రంగు ఒకటే. ఆయనకి చాలాసేపు కనబడలేదు. కనబడ్డాక అరగంట కదల్లేదు. బయటికొచ్చి ముసుగు తీస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేత కోసం కూడా లెగదేటి?"

"లేస్తాది. కొంచేపే. మళ్లా వచ్చి కూర్చుంటాది."

"గుడ్డులో ఏటీ లేకపోతే?"

"అయినా కూర్చుంటాదిలే."

పోయినేడు పెట్ట మురిగిన గుడ్డు మీద అలా కూర్చునే ఉంది. వాసన వచ్చేదాకా నేనూ తీయలేకపోయాను.

రాత్రంతా నిద్రపట్టలేదు. నేను ఆవు గురించి పేలవంగా మాట్లాడితే చాలు, పిట్ట నిలుస్తుంది. ఎవరూ పట్టుకోలేరు. "ఆవు మంచిదండీ, మెల్లగా మేస్తుందండీ" అంటే అయిపోతుంది. నాకు అంత తెలివి లేకపోలేదు. కానీ కొర్లయ్య పక్కనే కూర్చుని వింటాడు. ఆయన ముందు ఆయన ఆవుని చప్పగా చెప్పడం నావల్ల కాదు. నేను చెడ్డదాన్నే గానీ అంత చెడ్డదాన్ని కాను.


ఆరుద్ర కార్తె, నాలుగో రోజు

ఈ రోజు వాదన.

రేడియో గదిలో ఇద్దరం బల్లకి రెండు వైపులా కూర్చున్నాం. మండలి పెద్ద హైమవతి గారు రేడియోలో అటువైపు. మంచి మనిషనే విన్నాను. గొంతు నిదానంగా ఉంది. ముందు నన్ను మాట్లాడమన్నారు.

నేను దాచుకోకుండా చెప్పాను. ఇప్పుడు ఇక్కడ రాస్తుంటే కూడా అదే మాట నిజమని తెలుస్తోంది.

"అమ్మా, ఈ ఆవుకి దూడ ఉంది. దూడ ఆడది. పడమటి తీరంలో మగది ఉంది. అంటే దీనికి రేపనేది ఉంది. నా పిట్టలకుండే పుంజు ముసలిది. రెండేండ్లుగా గుడ్లు మురుగుతాండాయి. ఈ ఏటి గుడ్డులో పాణముందో లేదో నాకు తెలీదు. పిట్టలు చివరివని జాలిపడి వాటికి కరెంటు ఇస్తే, అవి ఒకటొకటి ముసలివై పోతాయి, ఈ లోపల ఆవులూ పోతాయి. పడమట ఒంటిగా ఉన్న మగదానికీ దిక్కుండదు. జాలి వేరే, బతికించడం వేరే. ఆవు తల్లి దూడని వీపు మీదెక్కించుకుని గాలికి పైకి తెస్తాది. నేను రోజూ సాయంత్రం చూస్తాండా. కరెంటు ఆవుకివ్వండమ్మా."

కొర్లయ్య నన్ను నోరు తెరుచుకుని చూశాడు. హైమవతి గారు "చాలా బాగా చెప్పావు ఓబులమ్మా," అన్నారు. తర్వాత ఆయన్ని మాట్లాడమన్నారు.

కొర్లయ్య గొంతు సవరించుకున్నాడు. రాత్రి నా దగ్గరకొచ్చి ఒకటికి పదిసార్లు చెప్పి చూసుకున్న మాటలే. "అమ్మగారూ, ఈ పిట్ట బరువైన పిట్ట. ఎగరగలదు గానీ నడవడమే ఇష్టం దానికి. ఇది పోతే లోకంలో మరి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. గుడ్డు మీంచి లెగదమ్మా ఇది. ఎండకి నోరు తెరుసుకుని రొప్పుతాది గానీ లెగదు. నాను సూసినాను. మా పెద్దమ్మి కూడా అంతేనండి..."

పెద్దమ్మి అంటే తల్లి ఆవు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

"దూడకి జరమొచ్చినపుడు మూడ్రోజులు మేత ముట్టలేదండి. మూతితో ఎత్తి ఎత్తి గాలికి పైకెట్టింది..."

"కొర్లయ్యా, ఆగు," అన్నారు హైమవతి గారు.

ఆయన ఆగలేదు. బల్ల మీద రెండు చేతులూ పెట్టి, ఎదురుగా మనిషి ఉన్నట్టే వంగాడు. "ఒగ్గీకండమ్మా, మా యావుల్ని ఒదిలీకండి! ఆ దూడ గుంట ఇంకా పాలు మానలేదు. దానికి బయట నీల్లు తెలీవు. దానికి నా అడుగు సప్పుడు తెల్సు, ఆ చెరువు తెల్సు, ఇంకేటీ తెలీదు. నానేటి సెప్పను దానికి?"

ఏడ్చాడు. యాభై ఏళ్ల మనిషి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు.

కాసేపటికి హైమవతి గారు అన్నారు, "కట్టు మీకు తెలుసు. సొంత జంతువు కోసం అడిగితే ఆ జంతువు ఓడిపోయినట్టు. కరెంటు పిట్టలకి." ఆవిడ నన్ను పిలిచారు. "ఓబులమ్మా, కట్టు ప్రకారం ఇంకో మాట అడగాలి. గెలిచినవాళ్లకి వదులుకునే హక్కుంది. నీ వాదన మేం విన్నాం. నువ్వు వదులుకుంటానంటే కరెంటు ఆవుకే ఇస్తాం. వదులుకుంటావా?"

నన్ను మాటకారి అంటారు. గయ్యాళి అని కూడా అంటారు, నాకు తెలుసు. పడవవాళ్లు నన్ను చూస్తే గబగబా సరుకు దింపి పారిపోతారు. అలాంటి నాకు మాట రాలేదు.

"వదులుకుంటావా?" రెండోసారి.

కొర్లయ్య నావైపు చూడలేదు. బల్ల చెక్కని చూస్తున్నాడు. చూసి ఉంటే చెప్పేదాన్నేమో. ఏమో. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, నమ్మే చెప్పాను. ఆవుకి రేపుంది, పిట్టకి లేదు. కానీ నా కళ్ల ముందు పెట్టే ఉంది, దాని కింద గుడ్డు ఉంది. వదులుకుంటానంటే ఆ చలువ యంత్రం కట్టేయాల్సింది నేను.

"ఓబులమ్మా, మూడోసారి అడుగుతున్నాను."

నోరు విప్పలేదు. హైమవతి గారు "సరే" అన్నారు. రేడియో ఆగిపోయింది.


ఆరుద్ర కార్తె, చివర

కొర్లయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. మూడో రోజున నేనే ఆపుకోలేక చెరువు దగ్గరికెళ్లి, "తిట్టప్పా, నీకు దండం పెడతా, ఒక్కసారన్నా తిట్టు," అన్నాను.

"నీ సోటున నానుంటే నానూ అంతే," అన్నాడు. "మా యావు గురించి నువ్వు సెప్పినంత బాగా నానే సెప్పలేనప్పా. ఆ మాట సాలు నాకు."

చాలదు. ఎక్కడ చాలుతుంది?

ఉత్తరాన, కళింగపట్నం మునిగిన చోటు దాటాక, తిప్ప ఒకటి ఉందట. అక్కడ నీళ్లు కాస్త చల్లగా ఉంటాయనీ, గడ్డి ఉండేదనీ వాళ్ల తాత చెప్పాడట. చెరువుకీ సముద్రానికీ మధ్యనున్న తలుపు తెరిచి, పడవ ముందు పోనిచ్చి, వాటిని అక్కడికి తీసుకుపోతానన్నాడు. పడవ చెక్క మీద గడ్డి కొట్టే కర్రతో తట్టితే అవి వెనకాలే వస్తాయి. పన్నెండేళ్లుగా మేతకి అలాగే పిలుస్తాడు.

తెల్లవారుజామున బయల్దేరాడు. నేను రొట్టెలు, నీళ్లు కట్టిచ్చాను. తలుపు చక్రం ఇద్దరం కలిసి తిప్పాం. పెద్దమ్మి తలుపు దగ్గర చాలాసేపు ఆగింది. దూడ దాని పక్కకి అంటుకుపోయింది. కొర్లయ్య కర్రతో తట్టాడు, "రాయే, రాయే," అన్నాడు. వెళ్లాయి. మధ్యాహ్నానికి పంపులు కట్టేశాను. అది నా పనే అయింది.


పునర్వసు కార్తె, మూడో రోజు

పిల్ల వచ్చింది.

గుడ్డులో ప్రాణం ఉంది. ముసలోడు సాధించాడు. మచ్చల నూగుతో, కాళ్లు పొడుగ్గా, నిలబడబోయి పడి, మళ్లీ లేచింది. పెట్ట మిడతని ముక్కుతో నలిపి దాని ముందు పెట్టింది. నేను గోనె లోపలే ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను, అబద్ధం చెప్పను. మూడు నాలుగయ్యాయి. మండలికి చెబితే అక్కడ చప్పట్లు కొట్టారు, రేడియోలో వినిపించింది. నాకు మాత్రం చెప్పుకోవడానికి కింద ఎవరూ లేరు.


పునర్వసు కార్తె, చివర

కొర్లయ్య తిరిగొచ్చాడు. ఒంటరిగా రాలేదు.

తిప్ప మునిగిపోయిందట. గడ్డి లేదు, వట్టి ఇసుకే. అక్కడే వదిలి వచ్చేద్దామని కర్ర నీళ్లలో పారేసి, తెరచాప ఎత్తి, చప్పుడు చేయకుండా తిరిగాడట. అవి పడవ నీడ పట్టుకుని వెనకాలే వచ్చాయి. వాటికి తెలిసింది ఈ చెరువొక్కటే. చెరువు తలుపు దగ్గర ఆగి, తెరవమని చూస్తున్నాయి.

తెరిచాం. తెరిచి ఏం లాభం? చెరువు నీళ్లు సముద్రం కంటే వేడెక్కిపోయాయి. మళ్లలో గడ్డి నల్లబడింది. మండలిని అడిగాను, నాలుగు రోజులకి కరెంటు ఇమ్మని బతిమాలాను. పిట్ట పిల్ల ఉన్న గూటికి చలువ ఆపడానికి వీల్లేదన్నారు. జలుబాయనే చెప్పాడు. ఈసారి ఆయన తుమ్మలేదు, "క్షమించమ్మా" అన్నాడు.

దూడ ముందు పోయింది. పెద్దమ్మి దాన్ని మూతితో ఎత్తి గాలికి పైకి పెడుతూనే ఉంది. ఎత్తడం, అది జారిపోవడం, మళ్లీ ఎత్తడం. కొర్లయ్య నడుం లోతు వేడి నీళ్లలో నిలబడి, "సాలే తల్లీ, ఇంక ఒగ్గీయే," అంటూ దాని వీపు రాశాడు. అది వదల్లేదు. మర్నాడు పెద్దమ్మి కూడా పోయింది. ఇద్దరం గుట్ట పక్కన పూడ్చాం. కొర్లయ్య వాళ్ల ఆచారం ప్రకారం పసుపు, కొత్త గుడ్డ అడిగాడు. నా చీరే ఇచ్చాను.


పుష్యమి కార్తె, మొదలు

కొర్లయ్యని పడమటి కేంద్రానికి పంపుతున్నారు. అక్కడ ఒంటిగా ఉన్న మగ ఆవుని చూసుకోవడానికి. అది ఎన్నేళ్లుంటుందో అన్నేళ్లు ఈయన దాంతో ఉంటాడు. రేపు పడవ.

సాయంత్రం పైకొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "అప్పా, ఒకసారి పిల్లని సూపించు," అన్నాడు. "మా యావులు పోయింది దేనికోసమో సూడాల కదా."

గోడలో చిన్న సందుంది, మేత వేసేది. అక్కడ నిలబెట్టాను. లోపల పిల్ల తల్లి వెనకాల గడ్డిలో పరుగెత్తుతోంది. పడుతోంది, లేస్తోంది. అది మగదో ఆడదో ఇంకా తెలియదు. ఏదైనా, తన జాతిలో ఈ వయసుది ఇంకొకటి లేదు. కొర్లయ్య చాలాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు. "నిజంగా బాగుందప్పా."

"వదులుకుంటానని చెప్పాల్సింది కొర్లయ్యా," అన్నాను. "మూడుసార్లు అడిగింది ఆ తల్లి. ఒక్కసారన్నా నోరు తెరవలేదు కదా నేను."

ఆయన సందులోంచి కళ్లు తీయలేదు. "నాకు తెల్సు," అన్నాడు. "సూడు, సూడు, మళ్లీ పడింది."

నేనూ పక్కన నిలబడి చూశాను. పిల్ల లేచింది. ఆయన నవ్వాడు, నవ్వుతూనే ముఖం గోడకి ఆనించుకున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.